ఆపమంటే ఆగడం కూడా ఒక విద్యే

మన కంప్యూటరు ల్యాబుల్లో ప్రోగ్రాము మొదలుపెట్టడం నేర్పుతారు. నడిపించడం నేర్పుతారు. ఓపిక వున్న అధ్యాపకుడు దొరికితే తప్పులు దిద్దుకోవడం కూడా నేర్పుతారు. కాని నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఎవరైనా "ఆగు" అన్నప్పుడు అది ఎట్లా ఆగాలో మాత్రం ఎవరూ నేర్పరు. సిలబస్‌లో లేదా అంటే వుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరులో "సిగ్నల్స్‌ను గూర్చి లఘుటీక వ్రాయుము" అనే ఐదు మార్కుల ప్రశ్నగా వుంది. ఆ ఐదు మార్కులకు కావలసిన పది వాక్యాలు పరీక్షకు ముందురోజు రాత్రి కంఠతా పట్టి, మర్నాడు పేపరు మీద దించి, మూడోరోజుకు మరచిపోవడం మన ఆచారం. ఈ ఆచారం మారాలని చెప్పడానికే ఈ వ్యాసం.

కంట్రోల్, సి అనే రెండు మీటలు కలిపి నొక్కితే ఏమవుతుంది అని మన క్యాంపస్‌లో ఎవరినైనా అడిగి చూడండి. "కాపీ అవుతుంది" అంటారు. నిజమే. ఒకరి అసైన్‌మెంటు ఇంకొకరి రికార్డులోకి చేరడానికి ఆ మీటలు చేసిన సేవ ఇంతా అంతా కాదు. కాని ఆ నల్లని టెర్మినల్ తెర మీద, మన ప్రోగ్రాము నడుస్తున్న చోట, ఆ రెండు మీటలకు అర్థం వేరు. అక్కడ అది కాపీ కాదు, "చాలు, ఆపు" అని మనిషి యంత్రానికి యిచ్చే ఆజ్ఞ. దాన్నే కీబోర్డ్ ఇంటరప్ట్ అంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆపమన్నప్పుడు ఆగని ప్రోగ్రాము చెడ్డది. ఆపమన్న మరుక్షణమే చేతిలో వున్నదంతా పారేసి పడిపోయే ప్రోగ్రాము కూడా అంత చెడ్డదే. ఈ రెంటికీ మధ్య ఒక పద్ధతి వుంది. ఆ పద్ధతి తెలియనివాడికి ప్రోగ్రామింగ్ వచ్చునని మన కళాశాలలు పట్టాలు యివ్వరాదు.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. కంట్రోల్ మీట పట్టుకొని సి నొక్కినప్పుడు పుట్టే సంఖ్య 3. ఇంగ్లీషు అక్షరమాలలో సి మూడవది కదా, అందుకని. 1960లలో తయారైన ఆస్కీ పట్టికలో ఈ 3వ సంఖ్యకు "పాఠం ముగిసింది" అని అర్థం. యూనిక్స్, లినక్స్ యంత్రాలలో ఈ 3 మన ప్రోగ్రాము చేతికి అక్షరంగా రాదు. టెర్మినల్‌ను చూసుకొనే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని మధ్యలోనే పట్టుకొని, ఆ తెర ముందు నడుస్తున్న ప్రోగ్రాముకు 2వ నంబరు సిగ్నల్‌ను పంపిస్తుంది. దాని పేరు సిగింట్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. ఆ తొలి రోజుల్లో ఈ పనికి డిలీట్ మీట వాడేవారు. కంట్రోల్-సి అలవాటు డెక్ కంపెనీ యంత్రాల నుండి వచ్చి స్థిరపడింది.

సిగ్నల్ అందుకున్న ప్రోగ్రాముకు మూడు దారులున్నాయి. ఒకటి, ఏ ఏర్పాటూ చేసుకోకపోతే అక్కడికక్కడే చచ్చిపోవడం. అప్పుడు షెల్‌ను అడిగితే 130 అనే సంఖ్య చూపుతుంది. 128కి 2 కలిపితే 130. "రెండవ నంబరు సిగ్నల్ వల్ల పోయాడు" అని దాని మరణ ధ్రువపత్రం. రెండవది, విననట్లు నటించడం. మూడవది, ఆ సిగ్నల్ వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే ఒక చిన్న ఫంక్షన్‌ను ముందే సిద్ధంగా పెట్టుకోవడం. దాన్ని హ్యాండ్లర్ అంటారు. మొదటి దారి సోమరిది, రెండవది మొండివాడిది, మూడవది పనిమంతుడిది.

ఇది పుస్తకంలో చదివితే ఎవరికీ పట్టదు గాని, మన పడమటి తాలూకాలవాళ్ళకు అర్థం కాని సంగతి కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో బావులకు కరెంటు మోటార్లు రాకముందు కపిలలు తోలేవారు. ఎద్దులు వాలు మీద కిందికి దిగుతుంటే మోకు సాగి, నిండిన బాన బావిలోనుంచి పైకి వస్తుంది. బాన సగం బావిలో వుండగా ఇంట్లోవాళ్ళు గట్టు మీదికి వచ్చి "సంగటి చల్లారిపోతా వుంది, రా" అని కేకేశారనుకోండి. కపిల తోలేవాడు వున్నఫళాన మోకు వదిలేస్తాడా? వదిలితే బాన బావిలో పడుతుంది, నీళ్ళు పోతాయి, ఎద్దులు ముందుకు తూలుతాయి. అట్లని కేక వినపడనట్లు సాయంత్రందాకా తోలుతూ వుండడు గదా. "ఆఁ, వస్తా" అంటాడు. ఆ ఒక్క బానా పైకి తెచ్చి, నీళ్ళు కాలువలో పడనిచ్చి, ఎద్దులను వెనక్కు నడిపించి నిలిపి, అప్పుడు కాడి దించుతాడు. కేక విన్నాడు, జవాబిచ్చాడు, చేతిలో పని గట్టెక్కించాడు, ఆగాడు. సిగ్నల్ హ్యాండ్లింగ్ అని మనం పరీక్షల్లో రాసే పది వాక్యాల సారమంతా ఇదే.

ఇందులో "ఆఁ, వస్తా" అనే మాట చాలా ముఖ్యం. మనవాళ్ళు హ్యాండ్లర్ రాయమంటే అందులోనే ఫైళ్ళు మూయడం, లెక్కలు రాయడం, ప్రింటెఫ్‌తో సెలవు చెప్పడం అన్నీ పెడతారు. ఇది పొరపాటు. సిగ్నల్ ఏ క్షణంలో వస్తుందో మనకు తెలియదు. ప్రోగ్రాము అప్పుడు మాలాక్ లోపల మెమరీ జాబితాను సగం మార్చి వుండవచ్చు. ప్రింటెఫ్ తన బఫర్‌ను సగం నింపి వుండవచ్చు. అదే క్షణంలో హ్యాండ్లర్‌లోనుంచి మళ్ళీ ప్రింటెఫ్‌ను పిలిస్తే, సగం కొలిచిన కుంచంలో ఇంకొకడు వచ్చి తన ధాన్యం పోసినట్లవుతుంది. ఒక్కొక్కప్పుడు బాగానే నడుస్తుంది, ఒక్కొక్కప్పుడు ప్రోగ్రాము శాశ్వతంగా బిగుసుకుపోతుంది. అందుకే హ్యాండ్లర్‌లో పిలవదగిన ఫంక్షన్లు ఇవి మాత్రమే అని పోసిక్స్ ప్రమాణాలు ఒక చిన్న జాబితా యిచ్చాయి. అందులో ప్రింటెఫ్ లేదు, మాలాక్ లేదు. సి భాషలో సురక్షితమైన పద్ధతి ఒక జెండా ఎత్తడం. వొలటైల్ సిగ్-అటామిక్-టి రకం వేరియబుల్ ఒకటి పెట్టుకొని, హ్యాండ్లర్‌లో దాన్ని 1 చేసి తిరిగి వెళ్ళిపోవాలి. అదే "ఆఁ, వస్తా" అనడం. అసలు పని చేస్తున్న లూపు ప్రతి చుట్టు చివరా ఆ జెండా చూసుకొని, ఎత్తి వుంటే కాడి దించుతుంది.

జెండా ఎత్తితే చాలదు, చూసేవాడు వుండాలి. ప్రోగ్రాము కీబోర్డు నుంచి ఒక పంక్తి కోసం ఎదురుచూస్తూ రీడ్ లోపల నిద్రపోతూ వుందనుకోండి. సిగ్నల్ వస్తుంది, హ్యాండ్లర్ జెండా ఎత్తుతుంది, మళ్ళీ రీడ్ నిద్రలోకే పోతుంది. వాడుకరి కంట్రోల్-సి ఎన్నిసార్లు కొట్టినా తెర పలకదు. లినక్స్‌లో పాత సిగ్నల్ ఫంక్షన్‌తో హ్యాండ్లర్ పెడితే సాధారణంగా జరిగేది ఇదే. అందుకే సిగ్‌యాక్షన్ అనే పద్ధతిని వాడాలి. అందులో "మళ్ళీ మొదలుపెట్టు" అనే గుర్తు పెట్టకపోతే, రీడ్ మధ్యలో లేచి "నన్నెవరో కదిలించారు" అని ఈఇంటర్ అనే తప్పు సంఖ్య యిచ్చి తిరిగి వస్తుంది. అప్పుడు జెండా చూసుకోవడానికి వీలు చిక్కుతుంది. ఈ రెండు వాక్యాలు తెలియక మన ప్రాజెక్టు ల్యాబులో ప్రోగ్రామును ఆపలేక, కంప్యూటరు స్విచ్చే ఆపేసిన మిత్రులను నేనెరుగుదును.

"మేము సి రాయము, పైథాన్ రాస్తాము" అనేవారు ఇప్పుడు ఎక్కువ. పైథాన్ చాలా సౌకర్యం చేసిపెట్టింది. కంట్రోల్-సి కొట్టగానే అది కీబోర్డ్ ఇంటరప్ట్ అనే మినహాయింపును లేవనెత్తుతుంది. ట్రై, ఫైనలీ పెట్టుకొంటే ఫైళ్ళు మూసుకొని మర్యాదగా బయటపడవచ్చు. ఆ మర్యాదను మనవాళ్ళు ఒక్క మాటతో చెడగొడతారు. ఏ తప్పు వచ్చినా ప్రోగ్రాము ఆగకూడదని, ట్రై కింద పేరూ ఊరూ లేని వట్టి ఎక్సెప్ట్ పెట్టి, దాని కింద పాస్ అని రాసేస్తారు. అంటే ఏ కేక వినిపించినా చెవులు మూసుకొమ్మని అర్థం. అంకె బదులు అక్షరం కొట్టిన తప్పును మింగినట్లే, "ఆపు" అనే ఆజ్ఞను కూడా అది మింగేస్తుంది. లూపు లోపల ఇట్లాంటిది వుంటే కంట్రోల్-సికి ఆ ప్రోగ్రాము చావదు. ఈ ప్రమాదం కనిపెట్టే, 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుండి కీబోర్డ్ ఇంటరప్ట్‌ను సాధారణ ఎక్సెప్షన్ కుటుంబంలోనుంచి తప్పించి, బేస్ ఎక్సెప్షన్ కింద వేరుగా కూర్చోబెట్టారు. ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ అని పూర్తిగా రాస్తే తప్పులు పట్టుబడతాయి, ఆపే ఆజ్ఞ మాత్రం దాటిపోతుంది. ఒక్క పదం ఎక్కువ రాయడానికి మనకు బద్ధకం. పైథాన్‌లో హ్యాండ్లర్ ప్రధాన థ్రెడ్‌లోనే నడుస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పక్క థ్రెడ్లను మనమే పిలిచి, పని ముగించమని చెప్పి, అవి వచ్చేదాకా నిలబడాలి.

ఇదంతా ల్యాబు గోడల మధ్య గొడవ అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పుంగనూరు పోయే దారిలో ఒక పల్లెలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు, కేంద్రం పేరు అనవసరం. అక్కడి పాల సేకరణ కేంద్రంలో పదిహేను రోజులకొకసారి డబ్బులిస్తారు. రోజూ ఉదయం, సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత అనే లెక్క ఒక చిన్న ప్రోగ్రాములో రాసేవారు. డిగ్రీ చదివిన కుర్రవాడెవరో చేసియిచ్చిన ప్రోగ్రాము అది. ఒక సాయంత్రం చీటీ అచ్చయ్యే యంత్రం కాగితం పట్టేసి ఆగింది. తెర కూడా ఆగిపోయినట్లు కనిపించింది. కూర్చున్న అబ్బాయి కంట్రోల్-సి కొట్టాడు. మళ్ళీ మొదలుపెడితే పన్నెండు రోజుల లెక్క లేదు. ఫైలు వుంది, లోపల ఒక్క అక్షరం లేదు.

ఎందుకిట్లా అయింది? ఆ ప్రోగ్రాము ప్రతి చీటీకీ పాత ఫైలునే రాయడానికి తెరిచి, మొత్తం లెక్క మొదటినుంచీ రాసేది. రాయడానికని ఫైలు తెరిచిన క్షణంలోనే లోపలున్న పాత లెక్క చెరిగిపోతుంది. ఆ తర్వాతనే కొత్తది రాయబడుతుంది. ఈ చెరగడానికీ రాయడానికీ నడుమనే ఆ ప్రోగ్రాము చీటీ అచ్చువేయబోయి అక్కడ చిక్కుకుంది. కంట్రోల్-సి సరిగ్గా ఆ సందులో పడింది. చాలామంది రైతుల దగ్గర కార్డులుండబట్టి, వాటిని చూసి లెక్క మళ్ళీ కట్టారు. ఒక ముసలామె కార్డు రాయించుకోలేదు. రెండావుల పాలతో బతికే మనిషి. ఆమె చెప్పిన లెక్క కేంద్రం వాళ్ళు ఒప్పుకోలేదు.

"మిసన్లో లేదవ్వా, మేమేం చేసేది?" అన్నారు.

"మిసన్లో లేకపోతే మా ఆవు పాలు ఇయ్యలేదా నాయనా?" అన్నది ఆమె.

ఆ మాటకు అక్కడెవరి దగ్గరా జవాబు లేదు. చివరికి సగం డబ్బులిచ్చి పంపారు. కంట్రోల్-సి కొట్టిన అబ్బాయిని అందరూ తిట్టారు. నా దృష్టిలో తప్పు వాడిది కాదు. ఆగిపోయిన యంత్రాన్ని ఆపమని చెప్పడం వాడి హక్కు. ఆ ఆజ్ఞ వస్తుందని ముందే అనుకొని ఏర్పాటు చేయకపోవడం రాసినవాడి తప్పు. వాడికా ఏర్పాటు నేర్పకుండా పట్టా యిచ్చిన చదువుది అంతకన్నా పెద్ద తప్పు.

ఆ ఏర్పాటు పెద్ద బ్రహ్మవిద్య కూడా కాదు. పాత ఫైలును ముట్టకుండా, పక్కన ఇంకొక పేరుతో కొత్త ఫైలు రాయాలి. రాసినదంతా డిస్కు మీదికి చేరేటట్లు ఎఫ్‌సింక్ చేయాలి. అప్పుడు పేరు మార్చి పాతదాని స్థానంలో కూర్చోబెట్టాలి. పోసిక్స్ యంత్రాల్లో పేరు మార్చడం అన్నది సగం జరిగి ఆగే పని కాదు. చూసేవాడికి పాత ఫైలైనా కనిపిస్తుంది, కొత్తదైనా కనిపిస్తుంది, ఖాళీ ఫైలు కనిపించదు. పైథాన్‌లో ఓఎస్ డాట్ రీప్లేస్ అనే ఒక్క మాట ఈ పని చేస్తుంది. నాలుగు పంక్తులు ఎక్కువ రాసివుంటే ఆ అవ్వ డబ్బులు ఆమె కొంగున పడేవి.

మన ప్రాంతానికి కంప్యూటర్లు ఆలస్యంగా వచ్చాయి గాని, వచ్చినవి పల్లెల్లోకే నేరుగా వచ్చాయి. 1915లో అనీబిసెంటు పేరు మీద వెలసిన బి.టి. కళాశాల మదనపల్లెకు చదువుల ఊరని పేరు తెచ్చింది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 1998లో మదనపల్లెలో ఇంజనీరింగు కళాశాల మిట్స్ వచ్చాయి. 2002లో హ్యూలెట్-పాకార్డ్ కంపెనీ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. సౌరశక్తితో నడిచే ప్రింటర్లు, కెమెరాలు యిచ్చి గ్రామాల ఆడవాళ్ళకు ఫోటోలు తీసే పని నేర్పారు. ఆనాటి నుండి ఈనాటి దాకా చూస్తే, మన వైపు కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు ఇంజనీర్లు కారు. పాల కేంద్రం అబ్బాయి, రేషన్ డీలరు, మందుల షాపు గుమాస్తా, టమోటా మండీలో లెక్క రాసే మనిషి. వీళ్ళకు ఫైలంటే ఏమిటో, సిగ్నలంటే ఏమిటో తెలియనక్కరలేదు. తెలియవలసింది మనకు.

టమోటా సంగతే తీసుకోండి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో ధర 150 రూపాయలు దాటింది. ఆ ధర మీద 25 కిలోల పెట్టె ఒకటి 3,750 రూపాయలు. ఒక రైతు తెచ్చిన నలభై పెట్టెల లెక్క ఒక పంక్తిలో వుంటుంది. ఆ ఒక్క పంక్తి సగం రాసి ఆగితే లక్షన్నర రూపాయల తగాదా. అదే మార్కెట్లో ధర రెండు మూడు రూపాయలకు పడిపోయి రైతు పంటను రోడ్డు మీద పారబోసిన రోజులూ మనం చూశాము. ఆ రోజున ఆ పంక్తి విలువ రైతుకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాడికి మిగిలింది అదే.

కీబోర్డు మీద మనిషి చెప్పింది యంత్రం సరిగా వినకపోతే ఏమవుతుందో లోకానికి ఒకసారి చాలా ఘోరంగా తెలిసివచ్చింది. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985, 87 మధ్య ఆరు ప్రమాదాలు చేసింది. రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలి మనుషులు చనిపోయారు. 1986లో అమెరికాలో టైలర్ అనే ఊళ్ళో జరిగిన ప్రమాదాలకు కారణం వెతికితే, ఆపరేటరు పొరపాటున కొట్టిన అక్షరాన్ని వెంటనే వెనక్కు వెళ్ళి దిద్దుకున్నది. తెర మీద దిద్దుబాటు కనిపించింది. కాని యంత్రం అప్పుడు అయస్కాంతాలను సర్దుకొనే దాదాపు ఎనిమిది సెకన్ల పనిలో వుండి, ఆ దిద్దుబాటును గమనించలేదు. ఇది కంట్రోల్-సి కథ కాదు, ఒప్పుకుంటాను. కాని జబ్బు ఒకటే. పనిలో మునిగిన ప్రోగ్రాము మనిషి మాటను పట్టించుకోలేదు.

దీనికి ఎదురుగా ఇంకొక ఉదాహరణ వుంది. 1969 జూలై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతున్న నిమిషాల్లో దాని కంప్యూటరుకు పని ఎక్కువై 1202 అనే ప్రమాద సంఖ్య చూపించింది. మార్గరెట్ హామిల్టన్ వంటివారు ఎం.ఐ.టి.లో రాసిన ఆ ప్రోగ్రాము కుప్పకూలలేదు. ముఖ్యంకాని పనులు వదిలేసి, మళ్ళీ మొదలై, దిగే లెక్కను ఆపిన చోటునుంచే అందుకొన్నది. మధ్యలో ఆగవలసి వస్తుందని రాసేటప్పుడే అనుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఆగడం తెలిసిన ప్రోగ్రాముకే తిరిగి లేవడం తెలుస్తుంది.

ఇక ఆక్షేపణలు. "కంట్రోల్-సి ఎవరైనా పొరపాటున కొడతారు, అందుకని దాన్ని పనిచేయకుండా చేస్తే పోలేదా?" అని మా తరగతిలో ఒక మిత్రుడన్నాడు. చేయవచ్చు, ఒక్క పంక్తి పని. కాని ఆపడానికి దారి లేని మనిషి ఏం చేస్తాడు? కిటికీ మూసేస్తాడు, స్విచ్చి ఆపేస్తాడు, లేదా తెలిసినవాడైతే 9వ నంబరు సిగ్నల్, సిగ్‌కిల్, పంపుతాడు. ఆ తొమ్మిదిని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, విననట్లు వుండలేదు. మర్యాదగా తలుపు తట్టినవాణ్ణి లోపలికి రానివ్వకపోతే తలుపు పగలగొట్టుకొని వస్తాడు. కావాలంటే "నిజంగా ఆపమంటారా" అని ఒకసారి అడగండి, తప్పులేదు. కాని రెండవసారి కొడితే మారుమాట లేకుండా ఆగాలి. మొదటి కేకకు "ఆఁ, వస్తా", రెండవ కేకకు పరుగెత్తి రావాలి.

"మా వూళ్ళో కరెంటు పోతే ఏ సిగ్నలూ రాదు, అప్పుడీ హ్యాండ్లర్ ఏం చేస్తుంది?" అన్నది ఇంకొక ఆక్షేపణ. ఇది సరైన ప్రశ్న. ఏమీ చేయదు. అందుకే హ్యాండ్లర్ ఒక్కటే చాలని నేననడం లేదు. ఏ క్షణంలో పోయినా ఫైలు నిలిచేటట్లు రాయడం పునాది. దానికే పేరు మార్చే పద్ధతి, డేటాబేసుల్లో ట్రాన్సాక్షన్ పద్ధతి వున్నాయి. హ్యాండ్లర్ ఆ పునాది మీద కట్టిన వాకిలి. వాకిలి వుందని పునాది మానకూడదు, పునాది వుందని గోడ దూకి పొమ్మనకూడదు.

"ఇప్పుడన్నీ వెబ్‌సైట్లే కదా, టెర్మినల్ ముందు కూర్చొని కంట్రోల్-సి కొట్టేదెవరు?" అనేవారూ వున్నారు. సర్వరు మీద నడిచే ప్రోగ్రాముకు మనిషి బదులు యంత్రం చెబుతుంది ఆగమని. అక్కడ వచ్చేది 15వ నంబరు, సిగ్‌టెర్మ్. డాకర్‌లో ప్రోగ్రామును ఆపితే మొదట ఈ సిగ్నల్ పంపి, మామూలుగా 10 సెకన్లు ఎదురుచూసి, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ పంపుతుంది. ఆ పది సెకన్లలో చేతిలో వున్న వాడుకరి పనిని ముగించేవాడు ఉద్యోగం నిలుపుకొంటాడు. సిగింట్ నేర్చినవాడికి సిగ్‌టెర్మ్ కొత్తగా నేర్పనక్కరలేదు.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది, ఖర్చు లేనిది. ప్రతి ల్యాబు పరీక్షలో, విద్యార్థి ప్రోగ్రాము నడిపి చూపిస్తుండగా, పరీక్షకుడు తనకు తోచిన సమయంలో మూడుసార్లు కంట్రోల్-సి కొట్టాలి. ఒకసారి ప్రోగ్రాము మనిషి జవాబు కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఒకసారి లెక్క చేస్తున్నప్పుడు, ఒకసారి ఫైలు రాస్తున్నప్పుడు. కొట్టిన ప్రతిసారీ రెండు సంగతులు చూడాలి. ప్రోగ్రాము ఆగిందా? మళ్ళీ మొదలుపెడితే పాత లెక్క క్షేమంగా వుందా? ల్యాబుకున్న మార్కుల్లో ఐదు దీనికి కేటాయించండి. లఘుటీకకు యిచ్చే ఆ ఐదు మార్కులే తీసి ఇక్కడ పెట్టండి, చాలు. ఒక్క సంవత్సరంలో మన కళాశాలలో వట్టి ఎక్సెప్ట్ అనే మాట మాయం కాకపోతే నన్నడగండి.

ఈ విషయాన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్ దృష్టికి తీసుకుపోవలసిన బాధ్యత విద్యార్థి సంఘానిది. హాస్టలు మెస్సు, బస్సు పాసుల గూర్చి మనం అర్జీలు యిచ్చాము, యివ్వవలసిందే. చదువు గూర్చి కూడా ఒక అర్జీ యిస్తే తప్పేమిటి? ట్యూరింగ్ అవార్డు 1994లో అందుకున్న రాజ్ రెడ్డిగారు అప్పటి మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారే. ఆయన పేరు ప్రతి స్వాగతోపన్యాసంలో తలచుకొంటాము. తలచుకోవడంతోపాటు మన విద్యను కొంచెం గట్టిగా పట్టుకోవడం కూడా అవసరం.

అర్జీకి జవాబు వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. రేపు ల్యాబులో మీ పక్కవాడి ప్రోగ్రాము నడుస్తుండగా చేయి చాపి ఆ రెండు మీటలూ కలిపి నొక్కండి. వాడు నవ్వి, మళ్ళీ మొదలుపెట్టి, ఆపినచోటి నుంచి చూపిస్తే వాడి దగ్గర నేర్చుకోండి. మిమ్మల్ని తిట్టి వెంటపడ్డాడంటే, ఆ ప్రోగ్రాము ఏ ఊరి పాల కేంద్రానికీ ఇంకా పనికిరాదని యిద్దరికీ తెలిసినట్లే. అప్పుడు యిద్దరూ కూర్చొని దిద్దండి.